ఔల్‌బేర్ మళ్లీ తెల్లబోయింది

మ్యాట్ వార్నిష్ స్ప్రే (రంగు మీద మెరుపు లేకుండా కొట్టే చివరి పూత) మీద నాకు మిగిలి ఉన్న కాస్త నమ్మకం నిన్న సాయంత్రంతో పోయింది. ఔల్‌బేర్ అనే ఆట బొమ్మకి రంగులేయడం అయిపోయిందనుకున్నా. గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు, ఈకలకి నాలుగు రకాల గోధుమరంగు, గోళ్లకి నలుపు మీద సన్నటి బూడిదరంగు గీతలు, అన్నీ కుదిరాయి. చివర్లో ఒక్క పూత మ్యాట్ కొట్టి బాల్కనీలో పెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి రొమ్ము మీద ఈకల సందుల్లో తెల్లటి మసక. వచ్చే ఆదివారం మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో, బొమ్మలతో కథ నడిపే ఆట) సెషన్‌లో ఇది గుహలోంచి బయటికి దూకాలి. ఇప్పుడున్న అవతారంలో దూకితే మావాళ్లు భయపడటం అటుంచి, విభూతి రాసుకొచ్చిందేంట్రా అని పగలబడి నవ్వుతారు.

డబ్బా ఏ కంపెనీదో రాయను. తప్పు దానిదో బెజవాడ గాలిదో ఇంకా తేలలేదు, ఇంతకుముందు వాడిన వేరే కంపెనీ డబ్బా కూడా సరిగ్గా ఇదే చేసింది. ఈ నెలలో మిగతా బొమ్మల పని బాగానే జరిగింది: గోబ్లిన్ల గుంపు, డ్వార్ఫ్ క్లెరిక్, పెట్టె రూపంలో కూర్చునే మిమిక్ పూర్తి. వాటికి మాత్రం ఇంకా వార్నిష్ కొట్టలేదు, కొట్టే ధైర్యం లేదు.

ఇన్నాళ్లకి అర్థమైందేంటంటే, బొమ్మ మీద పట్టే తెలుపు ఒక రకం కాదు, రెండు రకాలు. మే నెలలో పట్టే తెలుపు వేరు, శ్రావణంలో పట్టే తెలుపు వేరు. మేలో మిట్టమధ్యాహ్నం బాల్కనీలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 26 శాతం ఉన్నప్పుడు 30 సెంటీమీటర్ల నుంచి కొడితే తుంపర దారిలోనే సగం ఆరిపోయి బొమ్మ మీద పొడిగా రాలింది. వేలితో రాస్తే గరుకు, కొంచెం పొడి వేలికి అంటుకొచ్చింది కూడా. నిన్నటిది అలా కాదు. పైన నున్నగా ఉంది, వేలికి ఏమీ అంటట్లేదు, తెలుపంతా పూత లోపలే ఉంది. మొదటిది వేడి వల్ల, రెండోది మామూలుగా తేమ వల్ల (నిన్నటిదానికి ఇంకో కారణం తోచింది, కింద చెప్తా). యూట్యూబ్‌లో రెండింటికీ కలిపి ఒకటే మందు చెప్పేస్తారు, "వాతావరణం బాగున్నప్పుడు కొట్టండి" అని. మనకి వాతావరణం బాగుండేది సంక్రాంతి చుట్టుపక్కల కొద్ది వారాలు. అప్పటిదాకా ఔల్‌బేర్‌ని గుహలోనే ఉండమనాలా?

తేమ లెక్క కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా బుర్ర తిన్నది ఇదే. నిన్న సాయంత్రం బాల్కనీలో 29.5 డిగ్రీలు, తేమ 82 శాతం. ఆ లెక్కన డ్యూ పాయింట్ సుమారు 26. అంటే ఆ గాలిలో ఏ వస్తువైనా 26 కంటే చల్లగా ఉంటే దాని మీద నీరు పడుతుంది. నేను రంగులేసేది ఏసీ గదిలో, అది 24లో ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చిన బొమ్మని తిన్నగా బాల్కనీలో పెడితే ఏమవుతుందో కళ్లజోడు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఏసీ కారు దిగగానే అద్దాలకి పట్టేది బొమ్మకీ పడుతుంది. కాకపోతే చిన్న బొమ్మ, అందులోనూ రంగురంగులుగా ఉంటుంది కాబట్టి ఆ పల్చటి తడి కంటికి ఆనదు.

దీన్ని తేల్చడానికి బిర్యానీ పార్శిళ్లతో వచ్చి డ్రాయర్ నిండా పోగుపడ్డ ప్లాస్టిక్ స్పూన్లు పనికొచ్చాయి. అన్నిటికీ నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టి, కొన్నిటిని రాత్రంతా ఏసీ గదిలో, కొన్నిటిని రాత్రంతా బాల్కనీలో ఉంచి, పొద్దున్నే ఒకేసారి మ్యాట్ కొట్టాను. ఏసీ స్పూన్లు పూర్తిగా తెల్లబడ్డాయి. బాల్కనీ స్పూన్లు చాలా నయం, కానీ దగ్గర నుంచి కొట్టిన వాటి మధ్యలో ఒక మచ్చ మిగిలింది. బాల్కనీలోనే ఉన్న స్పూను ఎలా చల్లబడింది? కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్‌లో సర్ఫేస్ మోడ్ ఉంటుంది, దాంతో చూశా. కొట్టకముందు 29.4. 10 సెంటీమీటర్ల నుంచి కొట్టిన వెంటనే 24.8. అదే 25 సెంటీమీటర్ల నుంచి కొడితే 27.9 దగ్గర ఆగింది. డబ్బాలోంచి వచ్చే గ్యాస్ ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది కదా, దగ్గర నుంచి కొడితే ఆ లాక్కోవడమేదో బొమ్మ మీదే జరుగుతుంది, దూరం నుంచి కొడితే గాలిలో జరిగిపోతుంది. 24.8 అంటే డ్యూ పాయింట్ కింద, 27.9 అంటే పైన. మచ్చ లెక్క తేలింది.

కాబట్టి మన ఊళ్లో ఎండాకాలం దగ్గర నుంచి, వానాకాలం దూరం నుంచి కొట్టాలి. మేలోనే తెల్లారకముందు 31 డిగ్రీలు, తేమ 65 ఉన్నప్పుడు 20 సెంటీమీటర్ల నుంచి కొట్టిన ఓర్క్ ఇప్పటికీ మచ్చ లేకుండా ఉంది. ఇంకోటి, డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, బాల్కనీ గోడ మీద ఎండలో పెట్టిన స్ప్రే డబ్బా సంగతి మీరే ఆలోచించుకోండి. ఇంట్లో నేల మీద, స్టవ్‌కి దూరంగా పెట్టుకోండి.

ఇంత లెక్క కట్టాక నిన్న ఔల్‌బేర్‌ని మధ్యాహ్నం నుంచే బాల్కనీలో ఉంచా. కొలిచి మరీ 25 సెంటీమీటర్లు. పక్కన సాక్షిగా ఒక స్పూను. స్పూను బాగుంది. ఔల్‌బేర్ వీపు బాగుంది, తల బాగుంది, కాళ్లు బాగున్నాయి. రొమ్ము ఒక్కటే! నాకు తోచినవి రెండు. ఒకటి, అక్కడ ఈకలు లోతుగా చెక్కి ఉన్నాయి, తుంపర అంతా ఆ సందుల్లోకి దిగి మందంగా చేరింది. మ్యాట్ అంటే మెరుపు చంపడానికి వార్నిష్‌లో కలిపే సన్నటి సిలికా పొడి. మందంగా చేరిన చోట పొడి కూడా ఎక్కువే చేరుతుంది. రెండు, రొమ్ముకి గోధుమరంగు వాష్ (సందుల్లోకి దిగే పల్చటి రంగు) ముందురోజు రాత్రి వేసింది, పైకి ఆరినా లోపల తడి ఉండొచ్చు. మొదటిదానికే నా ఓటు, ఎందుకంటే రాత్రి ఒక ప్లాస్టిక్ ఫోర్కు తీసుకుని, వాష్ గీష్ ఏమీ లేకుండా, అదే దూరం నుంచి కొట్టి చూశా. పళ్ల చివర్లు శుభ్రంగా ఉన్నాయి, పళ్లు మొదలయ్యే సందుల్లో మాత్రం గోటి చంద్రవంక అంత తెలుపు, ప్రతి సందులోనూ.

తెలుపు పోగొట్టడం కష్టం కాదు, పోగొట్టాక ఏం చేయాలన్నదే తంటా. టూత్‌పిక్‌తో ఒక చుక్క కొబ్బరినూనె ఫోర్కు సందులో పెడితే వెంటనే మాయమైంది. అంటే రంగు పాడవలేదు, పూతలో ఉన్న సన్నటి ఖాళీల్లో వెలుతురు చెదిరి అలా కనిపిస్తోందంతే, నూనె ఆ ఖాళీల్ని నింపేసింది. కానీ నూనె రాశాక దాని మీద ఇంకే పూతా నిలవదు, కాబట్టి ఔల్‌బేర్‌కి నూనె వద్దనుకుని బ్రష్‌తో గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేశా. తెలుపు పోయింది. ఇప్పుడు రొమ్ము మాత్రం పెళ్లి ఫొటోలా మెరుస్తోంది. ఆ మెరుపు చంపాలంటే మళ్లీ మ్యాట్ కొట్టాలి!

బండి ట్యాంకు సొట్ట తీయించడానికి ఆటోనగర్ వెళ్లినప్పుడు, అక్కడ లారీ బాడీలకి రంగులు కొట్టే మేస్త్రి గారికి ఫోన్‌లో స్పూన్ల ఫొటో చూపించా.

"మేస్త్రి గారూ, ఇది ఎందుకిలా తెల్లబడుద్ది?"

ఆయన ఫొటో పెద్దది చేసి చూసి, "మబ్బు పట్టినప్పుడు కొట్టావా బాబూ?" అన్నారు. అంతే, నేను స్పూన్లతో తేల్చింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. వానాకాలం తప్పనిసరై కొట్టాల్సొస్తే నిదానంగా ఆరే థిన్నర్ కలుపుతారట, పూత నిదానంగా ఆరితే పట్టిన తేమ బయటికి పోవడానికి టైముంటుంది. డబ్బా స్ప్రేలో మనం ఏమీ కలపలేం, చిక్కంతా అక్కడే. బొమ్మ ఎంతుంటుందని అడిగితే బొటనవేలు చూపించా. "దీనికింత కథా?" అని మళ్లీ ఆయన లారీ వైపు వెళ్లిపోయారు.

కొండపల్లి వాళ్లు ఈ పనిలో మనకంటే చాలా ముందున్నారు. తెల్ల పొణికి చెక్కలో తేమ పోయేదాకా సన్నసెగ మీద కాక పెట్టాకే అసలు పని. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికి, సున్నం పూసి, అప్పుడు రంగు. అంటే ప్రైమర్ మనమేం కొత్తగా కనిపెట్టలేదు. అక్కడి నుంచి వచ్చిన ఆలోచనే, కొట్టే ముందు బొమ్మని హెయిర్ డ్రయ్యర్‌తో 34 డిగ్రీల దాకా వెచ్చబెట్టడం. గ్యాస్ అయిదు డిగ్రీలు లాక్కున్నా 26 కిందికి పోదు. ముందు ఫోర్కు మీద చూస్తా.

ఏ కంపెనీ రంగులు వాడతానని ఎవరో అడిగారు. నాకు వయ్యెహో కంపెనీవి, చుక్కలుగా పిండుకునే సీసాలే ఇష్టం, సిటడెల్ కంపెనీ మూత డబ్బాల్లో రంగులు బాగున్నా మన ఎండకి మూత ఎంత తక్కువసేపు తెరిస్తే అంత మంచిది. పైగా వయ్యెహోలో 18 మిల్లీలీటర్లు, సిటడెల్ మామూలు డబ్బాలో 12. గోడలు, రాళ్లు, నేల లాంటి వాటికి ఇవి దండగ, కామెల్ అక్రిలిక్ చాలు. నోల్జూర్స్ అనే రంగులేయని ఆట బొమ్మలు ప్రైమర్‌తోనే వస్తాయి కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కళ్లు మూసుకుని అవే చెప్తాను.

అసలు ఔల్‌బేర్ పుట్టిందే చవక ప్లాస్టిక్ బొమ్మల్లోంచి. ఈ ఆటని తయారుచేసినవాళ్లలో ఒకరైన గ్యారీ గైగాక్స్ వాళ్లు ఆటలో వాడుకోవడానికి కొన్న ఒక సంచిలోని వింత జంతువుల్ని చూసే ఔల్‌బేర్, రస్ట్ మాన్‌స్టర్, బులే (bulette) అనే రాక్షసుల్ని తయారుచేశారు. ఆట 1974లో వచ్చింది. అందుకే బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద బొమ్మలు కనిపిస్తే నేను ఆగి సంచి అంతా కెలుకుతాను. తోకలు రెండున్న ఒక డైనోసార్ దొరికింది, అది మా తర్వాతి విలన్.

మా గుంపు గురించి రెండు మాటలు. పటమటలో ఆడతాం, ఇద్దరు గుంటూరు నుంచి వస్తారు. వాళ్లలో ఒకడికి డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద ఎప్పుడూ తక్కువే పడుతుందని అనుమానం, శకుని పాచికలిచ్చారంటాడు. ఉప్పు నీళ్లలో తేల్చి తిప్పి చూపించాం, మళ్లీ మళ్లీ ఒకే అంకె పైకి రాలేదు, అంటే పాచికలో ఏ పక్కా బరువెక్కువ లేదు. నమ్మలేదు. వాడే బాల్డర్స్ గేట్ 3 అనే వీడియోగేమ్‌లో పాచికలు బాగా పడతాయంటాడు. అందులో కార్మిక్ డైస్ అనే సెట్టింగ్ మొదట్నుంచే ఆన్‌లో ఉంటుంది, వరసగా ఓడిపోకుండా అదే కాపాడుతుంది. నేనైతే మొదటిరోజే ఆపేశా. ఆట మాత్రం అద్భుతం, 2023లో దానికి పోటీ లేదు, అయినా నేను వేయాలనుకున్న పిచ్చి ప్లాన్ అందులో రాసి ఉంటేనే వేయగలను, బల్ల మీద అయితే డీఎం (ఆట నడిపే మనిషి) ఒప్పుకుంటే చాలు. స్కైరిమ్ అనే ఇంకో వీడియోగేమ్ 2011 నుంచి కొండలెక్కడానికే ఆడుతున్నా, కథ గుర్తులేదు. ఎల్డెన్ రింగ్ గొప్పదే, కానీ ఆఫీసులో తిట్లు తిని వచ్చి ఇంట్లో కూడా చావడం నావల్ల కాదు. చదరంగం అంటే కోనేరు హంపి ఊరు కాబట్టి ఇక్కడ ప్రతి వీధిలో కోచింగ్ ఉంది, ఆమె 2024 చివర్లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ గెలిచినప్పుడు నేనూ గంతులేశా. ఆడమంటే మాత్రం వద్దు, పాచిక లేని ఆటలో ఓడితే నింద వేయడానికి ఎవరూ ఉండరు. ముక్కలాట పండక్కి బాబాయిలతో, అంతే. అష్టాచమ్మా మాత్రం ఎవరు పిలిచినా వస్తా, ఈ గవ్వలతో మా కాంపెయిన్‌లో (మేం ఆడుతున్న కథలో) ఒక జూదగాడి దయ్యాన్ని పెట్టాలని ఉంది.

అమ్మకి ఔల్‌బేర్ నచ్చింది. "సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టు మీద పెడదాం రా నాన్నా" అంటోంది. పై మెట్టు దేవుళ్లది అని చెప్పా, అయితే కింది మెట్టు అంది. దానికోసమైనా రొమ్ము బాగుచేయాలి.

ఆదివారానికైతే టైమ్ లేదు, మెరుపుతోనే దింపుతా, వానలో తడిసొచ్చిందని చెప్తా. తర్వాత వరసగా: వెచ్చబెట్టిన ఫోర్కు, అది కుదిరితే గోబ్లిన్లలో అందరికంటే అందవిహీనంగా ఉన్నవాడు. కుదరకపోతే ఈ డబ్బాలకి దండం పెట్టి ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) కొంటా. నీళ్ల వార్నిష్, మేస్త్రి గారు చెప్పినట్టు ఆరడం నిదానం చేసే రిటార్డర్ రెండు చుక్కలు, చిన్న కంప్రెసర్. బెజవాడలో గానీ గుంటూరులో గానీ ఎయిర్‌బ్రష్‌తో మ్యాట్ వార్నిష్ కొట్టేవాళ్లు ఉంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్ పూడుకుపోతుందో, 0.5 తీసుకోవాలో చెప్పండి. వానాకాలంలో ట్యాంకు లేని కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరతాయని విన్నా, ఆ నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ ఒకటి చాలుతుందా, రెండు కావాలా?