జ్యూరీ గదిలో చివరి రోజు

కేసు నడిచినన్నాళ్లూ దీని గురించి ఎవరితోనూ మాట్లాడకూడదని జడ్జిగారు రోజూ చెప్పి పంపేవారు, అందుకే ఇంట్లో మా ఆయన అడిగినా నోరు విప్పలేదు. ఈ మధ్యాహ్నం తీర్పు ఇచ్చేశాం, ఇక రాసుకోవచ్చు.

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక నాకిదే మొదటి జ్యూరీ డ్యూటీ, అంటే మాలాంటి మామూలు పౌరులు కోర్టులో కూర్చుని కేసు విని తీర్పు చెప్పే పని. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో సివిల్ కేసు, అంటే జైలుశిక్ష కాదు, నష్టపరిహారం గురించి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. తప్పెవరిదో ఇద్దరూ ఒప్పుకున్నదే. ఆగి ఉన్న కారులోని ఆవిడ నడుంనొప్పి ఆ దెబ్బ వల్ల వచ్చిందా, ముందు నుంచీ ఉన్నదేనా అన్నదే తగాదా.

ఆవిడ లాయరు మొదటి రోజే లేచి, ఈమెకు ఇంతకుముందు కూడా నడుంనొప్పి ఉండేది, ఇదిగో డాక్టరు రాసిన కాగితం అని తనే చూపించేశాడు. నాకు అక్కడే ఆయన మీద నమ్మకం కుదిరింది. తర్వాత అవతలి లాయరు అదే కాగితాన్ని పెద్ద గుట్టు బయటపెట్టినట్టు చూపిస్తే మాలో ఎవరూ కదల్లేదు.

అసలు కష్టం గదిలోకి వెళ్లాక మొదలైంది. సివిల్ కేసు కాబట్టి 12 మందిలో 9 మంది ఒప్పుకుంటే చాలు, కానీ ఆవిడ వైపు మొదట చేతులెత్తింది 7 గురే. నా పక్కనున్న పెద్దాయన "నూటికి నూరుపాళ్లు తేలలేదు కదా" అని పట్టుబట్టారు. ఆఖరి రోజు ఆవిడ లాయరు జడ్జిగారు మాకిచ్చిన సూచనల్లోంచి ఒక పేజీ తెర మీద పెట్టి, నూటికి నూరుపాళ్లు అక్కర్లేదు, కాదు అనే దానికన్నా అవును అనడానికే ఎక్కువ ఆస్కారం ఉంటే చాలు అని చెప్పింది గుర్తొచ్చి, ఆ పేజీ వెతికి చదివాను. ఆ లాయరు వేసిన క్యాలెండర్‌నే బోర్డు మీద గీశాను: ప్రమాదానికి ముందు ఏడాదిలో ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లింది రెండుసార్లు, తర్వాత ఆరు నెలల్లో పంతొమ్మిదిసార్లు. "మరి పాత నొప్పికి కూడా డబ్బు ఇవ్వాలా?" అన్నారు పెద్దాయన. లేదండీ, పెరిగిన దానికే, అది కూడా సూచనల్లోనే ఉంది అన్నాను. ఆయనతో పాటు ఇంకొకామె కూడా చెయ్యెత్తారు.

ఆ లాయరు ఆ రోజు నా వైపు చూసి చెప్పిందంతా నన్ను ఒప్పించడానికే అనుకున్నాను. ఆయన గదిలోకి రాలేడు కదా, లోపల పెద్దాయనతో నేను అనాల్సిన మాటలు ముందే నా చేతికిచ్చి పంపాడన్నమాట.

కానీ నొప్పికి, బాధకు ఆయన అడిగిన మొత్తం ఇవ్వలేదు, చాలా తగ్గించాం. ఆ అంకె ఏ లెక్కన వచ్చిందో ఆయన చెప్పలేదు, ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మొహం చూస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

బయట వరండాలో ఆయనే వచ్చి, ఇష్టమైతేనే చెప్పండి, ఎక్కడ తగ్గింది అని అడిగాడు. ఆ అంకె గురించే చెప్పాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.