మా నాయన కీమేను, నేనేమో పట్టాల్లేని బండి ఎక్కబోతుండా

ఇంకా నలభై మూడు రోజులు. ఇంట్లో రోజులు లెక్కపెట్టేది ఆరో క్లాసు చదివే మా పాప అనుకుంటారు అందరూ, కాదు, నేనే. వంటింట్లో క్యాలెండర్ మీద రోజుకొకటి పెన్సిల్‌తో కొట్టేసేది కూడా నేనే. సంక్రాంతి అయిపోగానే హాంకాంగ్ పోతుండాం, ఐదు రోజులు, అందులో రెండు రోజులు డిస్నీలాండ్, ఆ రెండు రోజుల్లో నాకు కావాల్సింది ఒక్క ఐదారు నిమిషాలు. మిస్టిక్ మేనర్ అని ఒక రైడు ఉంది, దాని కోసమే ఇదంతా. "ఐదు నిమిషాలకి ఇంత డబ్బా" అని మా ఆవిడ ఒకసారి అనింది, తర్వాత తన షాపింగ్ లిస్టు నా చేతికిచ్చింది, అప్పట్నుంచి నేనూ ఏం అనలా, తనూ ఏం అనలా.

నిజానికి కొత్తదేం కాదు అది, 2013 మే 17న మొదలుపెట్టినారు. నాకు కొత్త, అంతే. మన నెల్లూరోళ్ళకి రైడ్లంటే ఏముండాయి చెప్పండి, వీఆర్సీ గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ వస్తే జెయింట్ వీలు, కొలంబస్సు, డాషింగ్ కార్లు, మోటార్ సైకిల్ తిరిగే మరణబావి, రొట్టెల పండగప్పుడు దర్గా కాడ మళ్ళీ అవే, గొలగమూడి ఆరాధనకి పోయినా అవే. కొంచెం డబ్బులుంటే చెన్నై పోయి వీజీపీ, ఎంజీఎం. అన్నీ ఎక్కినా నేను. తిరిగేవి, ఊగేవి, పైకి లేపి కింద పడేసేవి. కళ్ళు తిరిగినాయి, ఒకసారి కక్కుకున్నా కూడా, అది వద్దులే.

కానీ చిన్నప్పుడు ఎగ్జిబిషన్లో పిల్లకాయల రైలు ఒకటి ఉండేది చూడండి, మూడు పెట్టెలు, గుండ్రంగా పట్టాలు, మధ్యలో రేకుల సొరంగం. దాంట్లో కూర్చున్నా నేను ముందుకి చూసేవాడిని కాదు, కింద పట్టా చూసేవాడిని. రైల్వే ఇంట్లో పుట్టిన గుణం అయ్యుండొచ్చు. పట్టా చూస్తే ఇంకేముంది, ఎటు తిరుగుద్దో, యాడ ఆగుద్దో అంతా ముందే తెలిసిపోద్ది, సొరంగంలో నుంచి దెయ్యం బొమ్మ ఏ పక్కన దూకుద్దో కూడా చెప్పేసేవాడిని పక్కన కూర్చున్నోడికి. వాడు ఏడ్చేవాడు, దెయ్యానికి కాదు, నేను చెప్పేసినందుకు. అప్పట్నుంచి నాకు ఒక పిచ్చి కోరిక, బండి తర్వాత ఎటు పోద్దో నాకు తెలీకూడదు. స్పీడ్ వద్దు, ఎత్తు వద్దు, తలకిందులు అసలే వద్దు. తెలీకుండా ఉంటే చాలు.

అందుకే ఈ ట్రాక్‌లెస్ రైడ్ల మీద పడినా. నేల నున్నగా ఉంటది, పట్టా లేదు, గాడి లేదు, ఆరుగురు పట్టే బండి తనంతట తనే గదుల్లోకి పోతది, ఆగుద్ది, గుండ్రంగా తిరుగుద్ది, వెనక్కి వస్తది. మిస్టిక్ మేనర్లో నాలుగు బండ్లు ఒకేసారి బయల్దేరి, విడిపోయి, మళ్ళీ ఇంకో గదిలో కలుసుకుంటాయంట.

ఈ సంగతి పోయిన ఆదివారం బిట్రగుంటలో మా నాయనకి చెప్పినా. చెప్పకుండా ఉండాల్సింది. బిట్రగుంట అంటే ఇప్పటి పిల్లకాయలకి ఆగీ ఆగని స్టేషన్, ఒకప్పుడు స్టీమ్ ఇంజన్ల ఊరు అది, పెద్ద లోకో షెడ్డు, ఇంజన్ని మోసి తిప్పే టర్న్ టేబులు, ఊరంతా బొగ్గు వాసన అని ఇప్పటికీ పెద్దోళ్ళు చెప్తారు. మా నాయన ఇంజన్ల మీద కాదు, పట్టాల మీద, కీమేను. తెల్లారకముందే సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని తన బీటంతా నడిచేది, పట్టాని స్లీపర్‌కి పట్టి ఉంచే కీలు వదులైతే కొట్టి బిగించేది. సర్వీసంతా కిందకి చూస్తా నడిచినాడు మనిషి. ఇప్పుడు కావలి బజార్లో నడిచినా కిందకే చూస్తాడు, అట్టా రెండు సార్లు ఎవురివో ఉంగరాలు దొరికినాయి కూడా.

"పట్టాలు ల్యాకుండా ఎట్టా పోద్ది అబ్బయ్యా?" అన్నాడు.

"బస్సు పోవట్లా నాయనా?"

"బస్సుకి డ్రైవర్ ఉండాడు గదరా."

"దీనికి డ్రైవర్ ఉండడు."

కొంచెంసేపు ఏం మాట్లాడలా. టీ గ్లాసు కింద పెట్టి "డ్రైవరూ ల్యా, పట్టాలూ ల్యా, మరి జరగరానిది జరిగితే ఎవురు పూచీ?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇన్ని నెలలు చదివినా గానీ ఆ ప్రశ్న నాకు తట్టలా.

ఇక మొదలుపెట్టినా చెప్పడం. నేను తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో చేస్తుండా, మా షాప్‌ఫ్లోర్ మీద ఏజీవీలు అని చిన్న బండ్లు తిరుగుతుంటాయి, మనిషి లేకుండా సామాన్లు మోసుకుపోయేవి. నేల మీద నల్లటి మాగ్నెట్ టేపు అతికించి ఉంటది, దాని వాసన పట్టుకుని పోయినట్టు పోతాయి. పోయిన వేసవిలో ఒక చోట ఆ టేపు లేచిపోయింది, ముందు బండి ఆడే నిలబడి పీక్ పీక్ అని అరవడం, వెనకాల ఐదు బండ్లు లైన్ కట్టడం, మేమంతా పరిగెత్తడం. నాయనకి ఇది బాగా నచ్చింది. "ఊఁ, అంటే ఆ టేపే పట్టా" అన్నాడు. రైడ్లలో కూడా మొదట్లో అంతే నాయనా అన్నా, అమెరికాలో ఎప్కాట్ అనే పార్కు 1982లో తెరిచినప్పుడు యూనివర్స్ ఆఫ్ ఎనర్జీ అని ఒకటి ఉండేది, సినిమా హాల్లో కుర్చీలు ముక్కలు ముక్కలుగా విడిపోయి జనంతో సహా బయల్దేరి పోయేవి, ఒక్కో ముక్కలో తొంభై మందికి పైనే, నేలలో పాతిన సన్నటి వైరే వాటికి దారి, పైగా ఆ బిల్డింగు కప్పు మీద సోలార్ పలకలు కూడా పెట్టినారు ఆ రోజుల్లోనే. 2017లో మూసేసినారు. "వైరు పాతినారు అంటే పట్టా ఉన్నట్టే గదా, కనపడకుండా దాచిపెట్టినారు, అంతే గదా" అన్నాడు, గెలిచినట్టు.

అప్పుడు చెప్పినా అసలుది. వైరు కూడా లేని రకం టోక్యో డిస్నీలాండ్‌లో వచ్చింది, 2000 సెప్టెంబర్ 4న, పూస్ హనీ హంట్ అని, తేనె కుండల్లో కూర్చోబెడతారు జనాన్ని. దాంట్లో వాడిన పద్ధతికి లోకల్ పొజిషనింగ్ సిస్టమ్ అని పేరు, మన ఫోన్లో జీపీఎస్ ఉన్నట్టు, కాకపోతే ఆ బిల్డింగు వరకే. ఆ తర్వాత వచ్చినవాటిలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి గానీ లోపల ఉండే తెలివి దాదాపు ఒకటే, బండి తన చక్రాలు ఎన్ని చుట్లు తిరిగినాయో తనే లెక్కేసుకుంటది, ఆ లెక్కలో కొంచెం కొంచెం తేడా పడద్ది గదా, అందుకని నేలలో అక్కడక్కడా గుర్తులు దాచి ఉంటారు, వాటి మీదుగా పోయినప్పుడల్లా లెక్క సరిచేసుకుంటది. "నువ్వు కరెంటు స్తంభం మీద నంబర్ చూసి ఏ కిలోమీటర్లో ఉండావో చెప్పేవాడివి చూడు, అట్టా" అన్నా. అప్పుడు మొహం మారింది ఆయనది. స్తంభం నంబరు అనేసరికి అంతా అర్థమైపోయింది మనిషికి, ఇంతసేపు నేను ఇంజినీరింగు చెప్తుంటే ఆవులించినాడు.

"మరి రెండు బండ్లు ఎదురుపడితే?"

పైన ఒక కంప్యూటర్ కూర్చుని ఉంటది, ప్రతి బండీ నేను ఫలానా చోట ఉండా అని వైర్‌లెస్‌లో దానికి చెప్తానే ఉంటది, అది చూసుకుని ఎవురు ముందు పోవాలో, ఎవురు ఆగాలో పంపిస్తా ఉంటది అన్నా. "అంటే బ్లాక్ సెక్షనే" అన్నాడు నాయన. ఒక బ్లాక్‌లో ఒక బండి ఉంటే ఇంకోదానికి లైన్ క్లియర్ ఇవ్వరు, అదీ లెక్క. నలభై నిమిషాలు నేను చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేసినాడు, నాకు కొంచెం మంట కూడా పుట్టింది.

ఇంకో నాలుగైదు ఉండాయి నా లిస్టులో, ఈ జన్మలో కుదురుద్దో లేదో. నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ అనే పార్కులో సింబోలికా, 2017 నుంచి ఉంది, దాంట్లో ఎక్కేముందే మూడు దారుల్లో ఒకటి మనమే ఎంచుకోవచ్చు, సంగీతం దారి, నిధి దారి, వీరుల దారి. అంటే ఒకసారి ఎక్కితే అంతా చూసినట్టు కాదు, చూసినోడు మళ్ళీ లైన్లో నిలబడాలి, ఎవురు కనిపెట్టినారో గానీ కిరాణా కొట్టు తెలివి అది. పారిస్‌లో 2014లో వచ్చిన రాటటూయి రైడులో మనం ఎలకంత అయిపోయి వంటింట్లో పరిగెడతాం. మా ఆవిడ మన వంటింట్లోనే ఉండాయి గదా, అంత దూరం ఎందుకు అనింది.

ఇక నా అసలు బాధ వీడియోలు. యూట్యూబ్‌లో ప్రతి రైడూ మొదటి నుంచి చివరిదాకా బండిలో కూర్చున్నట్టే తీసి పెట్టేసినారు. నేను చూడను అని ఒట్టు పెట్టుకున్నా, ఎందుకంటే అది చూస్తే పట్టా చూసినట్టే. కథ ఒక్కటి చదివినా, అది కూడా సగం. హెన్రీ మిస్టిక్ అనే పెద్దమనిషి దేశాలు తిరిగి వింత వస్తువులన్నీ తెచ్చి బంగ్లాలో పెట్టుకుంటాడు, ఆయనకి ఆల్బర్ట్ అని ఒక కోతి, కొత్తగా తెచ్చిన మ్యూజిక్ బాక్స్ మూత తీయొద్దన్నా కోతి తీస్తది, దాంట్లో నుంచి మాయ బయటికి వచ్చి వస్తువులన్నిటికీ ప్రాణం వస్తది. అక్కడితో ఆపేసినా. బండికి పట్టాలు ఎందుకు లేవు అంటే అది కూడా ఆయన కనిపెట్టిన మాగ్నెటో ఎలక్ట్రిక్ బండి అని కథలోనే చెప్పేసినారంట, ఇది మాత్రం నాకు బలే నచ్చింది.

మా పాప మాత్రం మొత్తం చూసేసింది. ఒకసారి కాదు, కనీసం పదిసార్లు. నాకు చెప్పొద్దే అంటే చెప్పను నాన్నా అంటది, నిజంగానే ఒక్క మాట చెప్పదు, కానీ ఆ రైడులో పాట ఉంది చూడండి, డానీ ఎల్ఫ్‌మన్ కట్టింది, ఆ ట్యూన్ ఇల్లంతా కూనిరాగం తీస్తా తిరుగుద్ది. స్నానం చేస్తా అదే, హోంవర్క్ చేస్తా అదే. ట్యూన్ మధ్యలో ఒక చోట ఆపి నన్ను చూసి నవ్వుద్ది. అంటే ఆడ ఏదో జరుగుద్ది! ఏం జరుగుద్దో తెలీదు గానీ ఏదో జరుగుద్దని తెలిసిపోయింది, ఇది చూసిన దానికంటే ఘోరం. నిద్రలో కూడా ఆ ట్యూన్ ఆడికి వచ్చేసరికి మెలకువ వస్తుంది నాకు.

రెండో భయం మెయింటెనెన్స్. పార్కోళ్ళు ఏ రైడు ఏ తేదీల్లో మూస్తారో వెబ్‌సైట్లో పెడతారు, రోజూ పొద్దున పళ్ళు తోముకుంటా అది చూస్తుండా. ఇప్పటిదాకా మా తేదీల్లో ఏం లేదు. నాయనకి ఈ భయం చెప్తే తేలిగ్గా తీసిపారేసినాడు. "బ్లాక్ తీసుకోకుండా, అంటే బండ్లు ఆపి పని చేసుకోకుండా, లైన్ ఎట్టా బాగుంటది అబ్బయ్యా, మూసినారంటే మంచోళ్ళే" అంట. ఆయనకేం, అన్నీ చెప్తాడు.

ఆయన కూడా వస్తుండాడు మరి. మొదట రాననే అన్నాడు, స్తంభం నంబర్ల సంగతి విన్నాక మర్నాడు పొద్దున ఫోన్ చేసి "ఆడికి నా రైల్వే పాసు చెల్లుద్దా?" అని అడిగినాడు. సముద్రం దాటాలి నాయనా, చెల్లదు అని చెప్పి నవ్వినా గానీ అంటే వస్తానని అన్నట్టే గదా. పాస్‌పోర్ట్ లక్కీగా ఉంది, మా చెల్లెలు కువైట్‌లో ఉన్నప్పుడు తీయించింది, ఒక్క స్టాంపు కూడా పడకుండా బీరువాలో పట్టుచీరల కింద పడుంది. హాంకాంగ్‌కి మనోళ్ళకి వీసా అక్కర్లేదు, పోకముందే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుంటే పద్నాలుగు రోజులదాకా ఉండొచ్చు, ఫీజు లేదు. నలుగురివీ నేనే నింపినా, నాయన పేరు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఒక చోట, రెండూ తారుమారు, దాంతో రాత్రి పదకొండున్నర అయింది. ఆయనది వచ్చిందన్న ప్రింటు చూపిస్తే దాన్ని మడిచి పాత డ్యూటీ డైరీలో పెట్టుకున్నాడు.

నిన్న మళ్ళీ ఫోన్. బండిలో ఆరు సీట్లు అన్నావు గదా, ముందు వరసలో నన్ను ఓరకి కూర్చోబెట్టు అన్నాడు. ఎందుకు నాయనా, ఆడ చూడాల్సింది గోడల మీద, పైన ఉంటది, ఓరన కూర్చుంటే సరిగ్గా కనపడదేమో అన్నా.

"పైన నువ్వు జూడు అబ్బయ్యా, కింద నేను జూస్తాలే" అన్నాడు.