నాన్నమ్మ ఫోటో, నాలుగు ఫైళ్లు

నాన్నమ్మ సంవత్సరీకానికి పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల సైజులో ఫోటో ఫ్రేమ్ కట్టించాలనుకున్నాం. బాగున్నది ఒక్కటే, అత్త పెళ్లిలో తీసిన నాలుగు బై ఆరు కలర్ ఫోటో. దాని నిండా గీతలు, ఓ మూల పసుపు మరక. "రోజంతా కంప్యూటర్ ముందే ఉంటావుగా, నువ్వే బాగుచెయ్యి" అంది అమ్మ.

ఫోటోలు సరిదిద్దే గింప్ సాఫ్ట్‌వేర్ వేసుకుని దిగాను. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే 1200 బై 1800 పిక్సెళ్లు (చుక్కలు) వచ్చాయి. రిజల్యూషన్ గడిలో 300 కనబడుతోంది కదా అని ధీమా. ఫోటో ల్యాబ్‌లో అన్న పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, "డీపీఐ సంగతి వదిలెయ్ తమ్ముడూ, పిక్సెల్స్ ఎన్ని?" అన్నాడు. చెప్పాను. పన్నెండు అంగుళాలకు 1200 అంటే అంగుళానికి వందే. 3600 బై 5400 ఉంటే మంచిదన్నాడు. చేసిన పనంతా పక్కన పడేసి, మళ్లీ 1200 డీపీఐలో స్కాన్ చేశాను.

ఈసారి ఇంకో తెలివితక్కువ పని. రోజూ రాత్రి కాసేపు గీతలు చెరిపి, జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి మూసేసేవాణ్ణి. మర్నాడు ఆ జేపెగ్‌నే తెరిచి పని. ఐదో రోజు జూమ్ చేస్తే చీర అంచు దగ్గర చిన్న చిన్న గళ్లు! జేపెగ్ బొమ్మను 8 బై 8 పిక్సెళ్ల ముక్కలుగా కోసి, కంటికి పెద్దగా ఆనని వివరాలను పారేస్తుంది. దాన్నే మార్చి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. గింప్‌లో సేవ్ కొడితే, వివరాలేవీ పారేయని దాని సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్ మాత్రమే ఇస్తుందని విసుక్కునేవాణ్ణి. నన్ను కాపాడాలనే అలా పెట్టారన్నమాట. అప్పటి నుంచి ఎక్స్‌సీఎఫ్‌లోనే పని, అంతా అయ్యాక ఒక్కసారే ఎక్స్‌పోర్ట్.

మొదటి ప్రింటు పాలిపోయి వచ్చింది. రంగులు ఎక్కువ పడతాయని ఎవరో చెబితే అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలోకి మార్చాను. ల్యాబ్ మెషీనేమో వచ్చిన ప్రతి ఫైలునూ మామూలు ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతి అనుకునే రకం. నాన్నమ్మ ఎర్ర చీర ఇటుక రంగుకు దిగింది. ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, క్వాలిటీ 95తో జేపెగ్ ఇస్తే సరిపోయింది. ఇంట్లో దాచుకోవడానికి, వివరాలేవీ పోని టిఫ్ ఫైలు కూడా తీశాను, 58 ఎంబీ.

బుద్ధి గడ్డి తిని ఆ టిఫ్‌నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. "తెరుచుకోవట్లేదురా" అని బాబాయి ఫోన్. సరే, వెడల్పు 1000 పిక్సెళ్లకు తగ్గించి, క్వాలిటీ 60, సబ్‌శాంప్లింగ్ 4:2:0 పెట్టి చిన్న జేపెగ్ చేశాను. పంపేముందు ఎందుకో ముఖం జూమ్ చేశాను. కుంకుమ బొట్టు అంచులు కరిగి నుదుటి మీదకు పాకినట్టున్నాయి. 4:2:0 అంటే వెలుతురు ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది కానీ, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. చెట్లూ ఆకాశమూ అయితే తెలియదు. ఇరవై పిక్సెళ్ల ఎర్ర బొట్టు దగ్గర బయటపడిపోతుంది. రంగు కూడా ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉండే 4:4:4కి, క్వాలిటీ 88కి మార్చాను. సైజు కాస్త పెరిగినా బొట్టు గుండ్రంగా నిలబడింది.

ఫోటోగా పంపితే వాట్సాప్ మళ్లీ నలిపేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాను. సంవత్సరీకం పిలుపు కార్డు మాత్రం, వివరాలు పారేయని పీఎన్‌జీ ఫార్మాట్‌లో చేశాను. జేపెగ్ అయితే తెలుగు అక్షరాల చుట్టూ, ముఖ్యంగా ఒత్తుల దగ్గర, దుమ్ము పట్టినట్టు ఉంటుంది.

అత్త చూసి చాలా సంతోషించింది. "తాతయ్యవి కూడా రెండున్నాయి, అవీ బాగుచెయ్యరా" అంటూ సెల్‌తో ఫోటోకు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఒక్కోటీ నూట ఎనభై కేబీ. పైన ట్యూబ్‌లైటు మెరుపు కూడా పడింది.

"అత్తా, అసలు ఫోటోలే కవర్లో పెట్టి బస్సులో ఎవరికైనా ఇచ్చి పంపు" అన్నాను.