లో-కార్బ్‌లో ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి సరే, ఎల్‌డీఎల్ మాటేంటి?

పిండిపదార్థాలు తగ్గించి కొన్ని నెలలు గడిచాక లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకున్నవాళ్లలో కొందరికి పెద్ద టెన్షన్ పట్టుకుంటుంది. బరువు తగ్గింది, షుగర్ తగ్గింది, మరి కొలెస్ట్రాల్ ఎందుకు పెరిగినట్టు?

ముందు మంచి మాట చెప్తాను. లో-కార్బ్‌లో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, చాలామందికి బాగా తగ్గుతాయి, ఎందుకంటే చక్కెర, పిండి ఎక్కువైనప్పుడు లివర్ ఆ మిగులులో కొంత కొవ్వుగా మార్చి కొవ్వును మోసే వీఎల్‌డీఎల్ కణాల్లో నింపి రక్తంలోకి పంపిస్తుంటుంది, ఆ మిగులు లేకపోతే పంపడమూ తగ్గుతుంది. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ కూడా కాస్త పెరుగుతుంది. 2018లో వచ్చిన డైట్‌ఫిట్స్ అధ్యయనంలో 609 మందిని ఏడాదిపాటు గమనిస్తే లో-ఫ్యాట్ వాళ్లూ లో-కార్బ్ వాళ్లూ ఇంచుమించు ఒకేలా బరువు తగ్గారు. ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ విషయంలో లో-కార్బ్‌దే పైచేయి. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం లో-ఫ్యాట్ వాళ్లకి సగటున కొంచెం తగ్గితే లో-కార్బ్ వాళ్లకి కొంచెం పెరిగింది.

అది సగటు. ఒక్కొక్కరి రిపోర్టు చూస్తే కథ వేరు, కొందరికి ఎల్‌డీఎల్ తగ్గుతుంది, కొందరికి కదలదు, ముందే సన్నగా ఉండి పిండిపదార్థాలు దాదాపు మానేసినవాళ్లలో కొందరికి మాత్రం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఒక రిపోర్టు ఇలా ఉందనుకోండి: టోటల్ కొలెస్ట్రాల్ 280, హెచ్‌డీఎల్ 70, ట్రైగ్లిజరైడ్లు 60. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, ట్రైగ్లిజరైడ్లని 5తో భాగించి, వచ్చినదాన్నీ హెచ్‌డీఎల్‌నీ టోటల్‌లోంచి తీసేస్తారు. అంటే 280లోంచి 70, 12 పోగా 198. ఈ రిపోర్టు పట్టుకుని "ట్రైగ్లిజరైడ్లకీ హెచ్‌డీఎల్‌కీ రేషియో బ్రహ్మాండంగా ఉంది, ఎల్‌డీఎల్‌ని పట్టించుకోనక్కర్లేదు" అని ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు, దయచేసి ఆ మాట నమ్మకండి. రేషియో బాగుంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేస్తోందన్న సూచన మాత్రమే, ధమని గోడలోకి దూరే ఎల్‌డీఎల్ కణాలను అది ఆపదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్నవాళ్లకి నియాసిన్ (విటమిన్ బి3) కూడా ఇచ్చి హెచ్‌డీఎల్ పెంచి చూసిన పెద్ద ట్రయల్స్‌లో గుండెపోట్లు తగ్గలేదు. అనుమానం ఉంటే అపోబి టెస్ట్ చేయించుకోండి, ఒక్కో ఎల్‌డీఎల్ కణానికి ఒక్కో అపోబి ప్రోటీన్ ఉంటుంది కాబట్టి కణాల సంఖ్య దాదాపు తెలిసిపోతుంది.

అలాగని లో-కార్బ్ మానేయమని అనట్లేదు. పిండి తీసేసిన చోట ఏం పెట్టారన్నదే నాకు ముఖ్యం. కాఫీలో వెన్న, ప్రతి వంటలో కొబ్బరి నూనె, పూటపూటా కొవ్వున్న మాంసం, చీజ్ అయితే ఆ సంతృప్త కొవ్వు వల్ల లివర్ మీద ఎల్‌డీఎల్‌ని లాగేసుకునే రిసెప్టర్లు తగ్గుతాయి, అది రక్తంలోనే తిరుగుతుంటుంది. అదే లో-కార్బ్‌ని చేపలు, గింజలు, నట్స్, ఆలివ్ నూనె, పీచున్న కూరగాయలతో చేస్తే ఫలితం వేరేగా ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్లకైతే కొంచెం పిండిపదార్థం తిరిగి చేర్చుకున్నా ఎల్‌డీఎల్ బాగా దిగొచ్చు.

బరువు వేగంగా తగ్గుతున్న రోజుల్లో కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పెరగొచ్చు, అందుకే బరువు నిలకడగా ఉన్నప్పుడు ఇంకోసారి చూడాలి. అప్పుడూ, కొవ్వులు మార్చాక కూడా, ఎల్‌డీఎల్ 190 దాటే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే అదీ చెప్పండి, ఎందుకంటే వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ తిండి మార్చినంత మాత్రాన అదుపులోకి రాదు, దానికి మందులు కావాలి.