పింక్ ఫ్లాయిడ్ తగవు, మా హాస్టల్ గది

మా బ్యాచ్ హాస్టల్లో అడుగుపెట్టింది 1987లో. మరుసటి జనవరిలో సంక్రాంతి సెలవులు ముగించుకుని వస్తూ నా రూమ్మేట్ ఒక క్యాసెట్ తెచ్చాడు. అమెరికాలో ఉన్న వాళ్ల అన్నయ్య పంపిన ఆ క్యాసెట్, పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం అంతకు కొద్ది నెలల ముందు విడుదల చేసిన 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్'. వాళ్ల పాత ఆల్బమ్ 'ది వాల్'ను టేపు సాగిపోయేదాకా విన్న మాకు, ఈ కొత్త క్యాసెట్ అట్టను ఎంత తిరగేసినా, ఆ పాటలు రాసిన రోజర్ వాటర్స్ పేరు కనిపించలేదు. వాటర్స్ బృందాన్ని వదిలేశాడనీ, ఇకపై ఆ పేరు ఎవరూ వాడడానికి వీల్లేదని కోర్టుకెక్కాడనీ ఒక సీనియర్ చెప్పగా తెలిసింది. ఆ రాత్రి మా గదిలో మొదలైన వాదన నాలుగేళ్లూ సాగింది. నేను వాటర్స్ పక్షం, రూమ్మేట్ ఆ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ పక్షం.

అసలు ఆ బృందం కూడా విద్యార్థులు కూడి పెట్టుకున్నదే. వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ కలిశారు. వాటర్స్‌కు కేంబ్రిడ్జిలో చిన్ననాటి నేస్తమైన సిడ్ బారెట్ తరువాత వచ్చి చేరాడు. సిగ్మా 6 మొదలుకొని టీ సెట్ దాకా పేర్లు మార్చుకుంటూ వచ్చిన ఆ కుర్రాళ్లకు, 1965లో ఒక కార్యక్రమంలో టీ సెట్ అనే పేరుతోనే ఇంకొక బృందం ఎదురుపడినప్పుడు, బారెట్ తనకు తెలిసిన ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లలోంచి చెరొక ముక్క తీసి అప్పటికప్పుడు కొత్త పేరు అతికించాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఆ ఇద్దరికీ ఈ బృందంతో ఏ సంబంధమూ లేదు. పేరు పెట్టిన బారెట్ కూడా మానసిక స్థితి చెడి 1968లోనే బయటికి వెళ్లిపోయాడు. అంటే ఇరవై ఏళ్ల తరువాత ఆ పేరు కోసం తలపడినవారిలో ఒక్కరూ దాన్ని పెట్టినవారు కారు. ఈ మాట అప్పట్లో మా వాదనలో ఇద్దరికీ తట్టకపోవడం ఇప్పుడు విచిత్రంగా అనిపిస్తుంది.

1970ల చివరికి పాటల్లోని మాటలన్నీ వాటర్స్‌వి, పెత్తనమూ ఆయనదే. 'ది వాల్' తయారవుతుండగానే రైట్‌ను బృందం నుంచి తప్పించి, ప్రదర్శనలకు మాత్రం జీతానికి పెట్టుకున్నారు. ఆ ప్రదర్శనల నష్టం మిగతా ముగ్గురి నెత్తిన పడగా, జీతగాడైన రైట్ ఒక్కడే లాభంతో బయటపడ్డాడు. 1985 డిసెంబరులో వాటర్స్ తాను వైదొలగుతున్నట్లు రికార్డు కంపెనీలకు ఉత్తరం రాశాడు. 1986 అక్టోబరులో, సృజన ఉడిగిపోయిన ఈ బృందాన్ని చట్టప్రకారం రద్దు చేయాలని లండన్ హైకోర్టును ఆశ్రయించాడు. గిల్మోర్, మేసన్ ఒప్పుకోలేదు. వెళ్లేవాడు వెళ్లవచ్చు గానీ ఇంటికి తాళం వేసి తాళంచెవి పట్టుకుపోతానంటే కుదరదన్నది వారి వాదన సారాంశం.

నా రూమ్మేట్ తండ్రి ప్లీడరు కావడం వల్ల వాడికి భాగస్వామ్యం, గుడ్‌విల్ లాంటి మాటలు నోటికి వచ్చు. నేను వాడిని నిలువరించడానికి మా తాతయ్య చెప్పిన సురభి నాటకాల సంగతి తీశాను. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన ఆ సమాజం ఎన్నో శాఖలుగా విడిపోయినా, ప్రతి శాఖా తన సొంత పేరుతోపాటు సురభి అన్న మాటను నిలుపుకుంది. ఆ పోలిక నా పక్షానికే ఎదురు తిరిగిందని, పేరును పదిమందీ వాడుకోవచ్చునని నేనే ఒప్పుకున్నట్లయిందని గ్రహించేసరికి గది అంతా నవ్వుతోంది.

మేము గొంతులు చించుకుంటున్న ఆ జనవరి నాటికి తగవు తీరిపోయి మూడు వారాలు దాటిందన్న సంగతి నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. కోర్టు తీర్పు అవసరమే రాలేదు. 1987 డిసెంబరు 23న, థేమ్స్ నదిపై గిల్మోర్‌కు ఉన్న 'ఆస్టోరియా' అనే పడవ ఇంట్లో, వాటర్స్, గిల్మోర్ రాజీ కుదుర్చుకున్నారు. పేరు గిల్మోర్, మేసన్‌లకు దక్కింది. 'ది వాల్' రంగస్థల హక్కులు వాటర్స్‌కు దక్కాయి. 1990 జులైలో ఆయన బెర్లిన్‌లో కూలిన గోడ జాడల్లోనే దానిని ప్రదర్శించగలిగాడంటే ఆ ఒప్పందం చలవే. బృందం తన ప్రదర్శనల్లో గాలి నింపి ఎగరేసే పంది బొమ్మ మీద కూడా హక్కుల పేచీ నడిచింది. గిల్మోర్ వర్గం దానికి వృషణాలు తగిలించి, ఇది వేరే పంది అనిపించుకుంది. ఇంతటి లాయర్ల ఖర్చులో నాకు నచ్చిన ఏకైక వాదం అదే.

వాటర్స్ పక్షాన నా పట్టు సడలడానికి కారణం కోర్టు కాగితాలు కావు, 'కంఫర్టబ్లీ నమ్' అనే పాట. దాని మాటలు వాటర్స్‌వి, బాణీ గిల్మోర్‌ది. గిటారు తీసేస్తే అందులో నాకు ఏం మిగులుతుందో చెప్పలేకపోయాను. కోర్టుకు వెళ్లడం తన పొరపాటేనని వాటర్స్ 2013లో బీబీసీ ముందు ఒప్పుకున్నప్పుడు, రూమ్మేట్ తెల్లవారకముందే ఫోన్ చేసి నన్ను నిద్ర లేపాడు. అప్పటికి బారెట్ పోయి ఏడేళ్లు, రైట్ పోయి ఐదేళ్లు. 2005లో లండన్ హైడ్ పార్క్ వేదికపై వాటర్స్, గిల్మోర్, మేసన్, రైట్ కలిసి వాయించినదే ఆ నలుగురికీ ఆఖరిసారి.

2024 అక్టోబరులో ఆ పేరును, రికార్డింగులను సోనీ సంస్థ కొనేసింది. ధర సుమారు 40 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఆ వార్త పంపితే మా వాడు దాని మాటే ఎత్తలేదు, ఆనాటి క్యాసెట్ నీ దగ్గరే కదా అని అడిగాడు. నా దగ్గర లేదు, తన దగ్గరా లేదంటాడు. ఈ సంచిక చదివే మా బ్యాచ్ వారిలో ఎవరి అటక మీదనైనా అది ఉన్నట్లయితే దయచేసి తెలియజేయగలరు. దాని అట్ట లోపల నీలి సిరాతో మా గది నంబరు రాసి ఉంటుంది.