సీసపు గాజు పోసే చోట

జర్మనీలో ఉద్యోగమంటే మనవాళ్లకి కార్లూ, కంప్యూటర్లే గుర్తొస్తాయి. నేను చేరింది గాజు ఫ్యాక్టరీలో. ఎక్స్‌రే గదుల కిటికీలకూ, అణు ప్రయోగశాలల్లో ‘హాట్ సెల్’ (రేడియోధార్మిక పదార్థాలతో బయటి నుంచే పనిచేసే మందపు గోడల గది) కిటికీలకూ వాడే సీసపు గాజు పోస్తాం. మామూలు గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములుంటే, మేం పోసే బరువైన రకం 5 దాటుతుంది. అందులో సగానికి పైగా లెడ్ ఆక్సైడే. చిన్న ముక్కే కదా అని ఎత్తబోయిన కొత్తవాళ్ల చెయ్యి కిందికి లాగేస్తుంది.

కిరణాలను ఆపే సంగతి సీసం, మందం చూసుకుంటాయి. తయారీలో తేడా వస్తే ముందు చెడేది చూపు. కొలిమిలో ఆక్సిజన్ తగ్గితే లెడ్ ఆక్సైడ్ కాస్తా లోహపు సీసమై గాజు నల్లబడుతుంది. ఆ సీసం ప్లాటినం మూసనీ తినేస్తుంది, దాని ఖరీదు తలుచుకుంటేనే గుండె గుభేలుమంటుంది. అందుకే వేడికి ఆక్సిజన్ వదిలే నైట్రేట్లు ముడిసరుకులో వేస్తారు. సరిగ్గా కలియబెట్టకపోతే నీళ్లలో పోసిన బెల్లం పాకంలా లోపల చారలు తేలతాయి. పలకల్ని వరసగా పేర్చి మీటరు దాకా మందంగా కట్టే హాట్ సెల్ కిటికీలో ఆ చారల వల్ల అవతలి వస్తువు వంకరగా కనిపిస్తుంది.

నేనుండేది చల్లార్చే విభాగంలో. మందపు దిమ్మలకు వారాలు పడుతుంది. తొందరపడితే పైభాగం గట్టిపడిపోయి లోపల ఒత్తిడి మిగులుతుంది, రంపం కింద పెట్టగానే పగులుతుంది. ధ్రువణ కాంతిలో (ఒకే తలంలో కంపించే వెలుగులో) పెట్టి చూస్తే ఒత్తిడి ఉన్నచోట రంగులు కనబడతాయి. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన పని అదే. పండగని కొలిమి ఆగదు కాబట్టి క్రిస్మస్ షిఫ్టు నేను తీసుకుంటాను. సంక్రాంతికి సెలవు అడిగితే ఎవరూ కాదనరు.

సీసంతో పని గనక అప్పుడప్పుడూ రక్తపరీక్ష తప్పదు, హాల్లో మంచినీళ్లు కూడా తాగనివ్వరు. ఈ మాట నోరుజారి అమ్మ దగ్గర అన్నాను. ‘వచ్చెయ్ నాన్నా’ అని ఒకటే పోరు. మొన్న మోకాలికి ఎక్స్‌రే తీయించుకోడానికి గుంటూరు వెళ్లి, అక్కడి కిటికీ చూసొచ్చి ఫోన్ చేసింది: ‘పసుప్పచ్చగా ఉందేంట్రా, తుడవరా దాన్ని?’

సీసం నీలిరంగు కాంతిని కొంత మింగేస్తుందని, ఆ పసుపు మురికి కాదని చెప్పాను. ‘అయినా ఓసారి తుడిస్తే పోయేదేముంది’ అంది.