పీసీఓడీతో ఐవీఎఫ్: లాంగ్ ప్రోటోకాల్, యాంటాగనిస్ట్ రెండూ చూశాక నా అనుభవం

నాకు పీసీఓడీ, ఏఎంహెచ్ (ఓవరీల్లో ఎగ్స్ ఎన్ని ఉన్నాయో చెప్పే టెస్ట్) 8 పైన, అంటే బాగా ఎక్కువ. మొదట ఎగ్ రిలీజ్ అవ్వడానికి లెట్రోజోల్ మాత్రలతోనే ట్రై చేశాం. ఈ మందుని మన దేశంలో 2011లో సంతానం ట్రీట్‌మెంట్‌కి వాడొద్దని ఆపేసి మళ్ళీ 2017లో ఒప్పుకున్నారు, పీసీఓడీ వాళ్ళకి క్లోమిఫీన్ అనే మందు కన్నా ఇదే బాగా పనిచేస్తుందని 2014లో అమెరికాలో పెద్ద స్టడీనే వచ్చింది. నాకు ఎగ్ రిలీజ్ అయ్యేది కానీ నెల తప్పేది కాదు, ఇక ఐవీఎఫ్‌కి వెళ్ళాం.

మొదటిసారి లాంగ్ ప్రోటోకాల్ (ప్రోటోకాల్ అంటే మందులు ఏ వరసలో ఇస్తారన్న పద్ధతి). ముందు నెల పీరియడ్ నుంచి లెక్కేస్తే 21వ రోజు నుంచే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ రోజూ, దాంతో మన సొంత హార్మోన్లు అణిగిపోతాయి, ఒళ్ళంతా వేడి ఆవిర్లు, తలనొప్పి, ఇంకా ఎగ్స్ పెంచే అసలు ఇంజెక్షన్లు మొదలే కాలేదు! తర్వాత ఎగ్స్ పెంచే ఎఫ్ఎస్‌హెచ్, చివర్లో ట్రిగ్గర్ అంటే ఎగ్స్ పూర్తిగా పండేలా చేసే ఇంజెక్షన్, నాకు హెచ్‌సీజీ ఇచ్చారు. ఎగ్స్ చాలా వచ్చాయని ఇంట్లో అందరం సంబరపడ్డాం, రెండ్రోజులకే పొట్ట ఉబ్బిపోయి చుడీదార్ నాడా కట్టుకోలేకపోయా, పడుకుంటే ఆయాసం, యూరిన్ సరిగ్గా రాదు. ఓహెచ్ఎస్ఎస్ అన్నారు, అంటే ఓవరీలు మందులకి మరీ ఎక్కువ రెచ్చిపోయి పొట్టలో నీరు చేరడం, అడ్మిట్ చేశారు. ఈ రిస్క్ నాకు ఎక్కువని ముందే ఎవరూ చెప్పలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రెండోసారి వేరే డాక్టర్ గారు యాంటాగనిస్ట్ ప్రోటోకాల్ అన్నారు, ఇందులో ముందు నెల నుంచి అణిచే ఇంజెక్షన్ ఉండదు. పీరియడ్ రెండో రోజు ఎఫ్ఎస్‌హెచ్ తక్కువ డోసుతో మొదలు, ఫాలికల్స్ (ఎగ్స్ పెరిగే చిన్న సంచులు) 14 ఎంఎం దాకా వచ్చాక సెట్రోరెలిక్స్ 0.25 ఎంజీ ఇంజెక్షన్, అది ఎగ్స్ టైం కన్నా ముందే రిలీజ్ అయిపోకుండా ఆపుతుంది. పొడి సీసాలో నీళ్ళు ఎక్కించి, గట్టిగా కుదపకుండా మెల్లగా తిప్పి, బొడ్డు పక్కన చర్మం పట్టుకుని మా ఆయనే వేసేవారు, గుచ్చిన చోట కాసేపు ఎర్రగా దురద, అంతే.

అసలు తేడా ట్రిగ్గర్‌లో ఉంది అండి. హెచ్‌సీజీ ఒంట్లో చాలా రోజులు ఉండి ఓవరీలని రెచ్చగొడుతూనే ఉంటుంది. యాంటాగనిస్ట్‌లో అయితే దాని బదులు ల్యూప్రోలైడ్‌తోనే ట్రిగ్గర్ ఇవ్వొచ్చు, రోజూ వేస్తే అణిచేసే ఆ మందే ఇలా చివర్లో ఇస్తే మన మెదడు దగ్గరి గ్రంథి నుంచే ఎగ్స్‌ని పండించే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా వచ్చి త్వరగా తగ్గిపోతుంది. లాంగ్ ప్రోటోకాల్‌లో ఆ గ్రంథిని ముందే అణిచేస్తారు కాబట్టి ఆ దారే ఉండదు. నాకు ఇది అర్థమయ్యాకే ధైర్యం వచ్చింది. ఎంబ్రియోలన్నీ (ల్యాబ్‌లో తయారైన పిండాలు) ఫ్రీజ్ చేశారు, వెంటనే గర్భసంచిలోకి ట్రాన్స్‌ఫర్ చేసి ప్రెగ్నెన్సీ వస్తే అప్పుడు ఒంట్లో తయారయ్యే హెచ్‌సీజీతో మళ్ళీ పొట్ట ఉబ్బే ప్రమాదం ఉంటుందని. ఈసారి కొంచెం ఉబ్బరం తప్ప ఏమీ లేదు, ఎగ్స్ బయటికి తీసిన (పికప్) సాయంత్రమే ఇంటికొచ్చి అన్నం తిన్నా.

అక్కడే ఇంకో అక్కకి సెట్రోరెలిక్స్ బదులు రోజూ మెడ్రాక్సీప్రోజెస్టెరాన్ మాత్రలే ఇచ్చారు, ఖర్చు తక్కువ, కాకపోతే అందులో ఫ్రీజింగ్ తప్పనిసరి.

ఏఎంహెచ్ తక్కువున్న వాళ్ళ లెక్క పూర్తిగా వేరు, నాతో పోల్చుకోకండి. పీసీఓడీ ఉంటే మాత్రం ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందే ట్రిగ్గర్ ఏది ఇస్తారు, ఫ్రీజ్ చేస్తారా అని అడగండి. నాకు గర్భసంచి లోపలి పొర పెరగడానికి లైనింగ్ మాత్రలు నడుస్తున్నాయి, వచ్చే నెల ట్రాన్స్‌ఫర్.